ఆరో చెరువు దగ్గర ఇటుక

2001 ఆగస్టు 21, మంగళవారం, తెల్లవారుజామున అయిదుంపావుకి హెలెన్ సైకిలుతో సహా ఆరో నంబరు చెరువులో పడింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఒంటికి దెబ్బ తగల్లేదు. సైకిలు క్యారియరుకి కట్టిన చెక్కపెట్టెలో సీసాలు నాలుగు పగిలాయి.

గట్టు జారలేదు. చీకటి వల్ల పడలేదు. రోజూ తూము పక్కన ఉండే ఇటుక ఆ రోజు అక్కడ లేదు.

ఆకివీడుకి అవతల వెంకటపతిరాజుగారి రొయ్యల చెరువులు పది ఉన్నాయి. హెలెన్ వాటి మీద టెక్నీషియన్. పొద్దు పొడవక ముందే ప్రతి చెరువు దగ్గరా ఆగి, సీసాలో నీళ్ళు పట్టి, అక్కడికక్కడే రెండు మందులు చుక్కలు వేసి మూత బిగించాలి. సీసా అడుగున గోధుమరంగు దిగితే నీళ్ళలో ప్రాణవాయువు ఉన్నట్టు. రంగు పాలిపోతే తగ్గినట్టు. తెల్లగా దిగితే ఇక చెయ్యడానికేమీ ఉండదు. రాత్రంతా తగ్గుతూ వచ్చిన ప్రాణవాయువు తెల్లారే ముందు అన్నిటికన్నా తక్కువుంటుంది. వెలుగొచ్చాక చూసిన లెక్క పనికిరాదు. పది చెరువులూ నడిచి తిరిగితే వెలుగొచ్చేస్తుంది. మోటారుసైకిలు తిప్పితే గట్టు కోసుకుపోతుంది. మామూలు సైకిలు టైరు ఒండ్రులో దిగిపోతుంది. అందుకని జులైలో రాజుగారు స్వయంగా భీమవరం వెళ్ళి బొడిపెల టైర్లున్న గేర్ల సైకిలు కొనిచ్చారు.

సీటుకీ హ్యాండిలుకీ మధ్య అడ్డంగా ఉండే దాని బారు హెలెన్‌కి ఎత్తు. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు కూడా నేలకి తగలవు. సీటు మీంచి ముందుకి దిగి నిలబడదామంటే బారు అడ్డం. మొదటి వారంలోనే ఆమె పంపుషెడ్డు వెనక పడున్న ఇటుకలు తెచ్చి చెరువుకొకటి చొప్పున తూము పక్కన పెట్టుకుంది. ఎడమకాలు ఇటుక మీద ఆనించి ఆగేది. దాని మీంచే మళ్ళీ ఎక్కేది. నీళ్ళు పట్టే చోటికి గుర్తని కూలీలు అనుకున్నారు. ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ రోజు ఆరో చెరువు దగ్గర బ్రేకు పట్టి, అలవాటు ప్రకారం చూడకుండా కాలు దింపింది. కాలు ఇటుక ఉండాల్సిన చోటు దాటి కిందికి వెళ్ళింది. సైకిలు అటే ఒరిగింది. అటువైపు నీళ్ళు.

నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు చూసే తాతాజీ టార్చిలైటు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్‌గారండీ! ఏంటండీ ఇది, రొయ్యల్ని పలకరిద్దామని దిగారా?"

"తాతాజీగారూ, ముందు పెట్టె అందుకోండి."

అతను పెట్టె అందుకున్నాడు. తర్వాత సైకిలు లాగాడు. తర్వాత ఆమెకి తన తువ్వాలు కొస అందించాడు. అది పట్టుకుని ఆమె గట్టెక్కింది. పంజాబీ డ్రెస్సు కాళ్ళకి అంటుకుపోయింది. చున్నీ పిండుకుంటూ టార్చి వెలుగులో తూము చుట్టూ చూసింది.

"ఇక్కడో ఇటుక ఉండాలి కదండీ."

"ఇటుకా? మేత ట్రే తేలిపోతందని నిన్న సాయంత్రం నేనే తీసి కట్టానండి. ఏం, అది మీదా?"

"ఏం లేదులెండి."

మిగతా చెరువులకి ఆమె సైకిలు నడిపించుకుంటూ వెళ్ళింది. పదో చెరువు దగ్గర మూత బిగించేసరికి కొబ్బరిచెట్ల తలలు కనిపిస్తున్నాయి.

సూపర్‌వైజరు సత్తిరాజు పంపుషెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తడిబట్టల వైపు చూశాడు. పెట్టెలో గాజుపెంకుల వైపు చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"పడ్డానండి."

"గట్టు మీద పడుతూ లేస్తూ తిరిగే పని ఆడోళ్ళకెందుకు చెప్పండి? నేను మొదట్లోనే అన్నాను. తాతాజీకి ఆ సైకిలిచ్చేస్తే గుక్క తిప్పుకోకుండా పది చెరువులూ తిరిగొస్తాడు. సీసాలు భీమవరం ల్యాబుకి పంపుకుంటాం."

"అక్కడికక్కడే మందు వెయ్యకపోతే లెక్క తప్పుతుందండి."

"రెండు చుక్కలే కదా. తాతాజీ వేస్తాడు."

"రంగు చూడాలండి."

"రంగు చూడ్డానికి కళ్ళుంటే చాలు." సత్తిరాజు లేచి పంచె సర్దుకున్నాడు. "శుక్రవారం పొద్దున్నే రాజుగారు రౌండుకి వస్తానన్నారు. నేనేం చెప్పను. వారే చూసుకుంటారు. టైముకి రౌండు అవకపోతే టెక్నీషియన్ ఎందుకంటారో, ఉండనీ అంటారో."

సైకిలు పెద్దదండీ అనే మాట హెలెన్ నోటిదాకా వచ్చింది. ఆ టైర్ల సైకిలు కావాలని అడిగింది ఆమే. వారానికల్లా కొనిచ్చింది రాజుగారు. ఆమె పెట్టె తీసుకుని గాజుపెంకులు ఏరడానికి షెడ్డులోకి వెళ్ళింది.

*

హెలెన్ భర్త శ్యాంబాబు, మిషన్ ప్రాథమిక పాఠశాలలో టీచరు. సాయంత్రం బడి నుంచి రాగానే అరుగు ముందు సైకిలు నిలబెట్టి సీటు కింద నట్టు వదులు చేశాడు. సీటు కిందికి నొక్కాడు. అది కదల్లేదు. అప్పటికే గొట్టం అంచుని తాకుతోంది.

"ఇంక దిగదు" అన్నాడు.

"సీటు కాదండీ, బారు."

అతను స్కూలు స్కేలు తెచ్చి నేల మీంచి బారు దాకా రెండుసార్లు కొలిచాడు. ముప్ఫై ఒక్క అంగుళాలు.

"మరి నీది?"

"అయిదడుగుల రెండంగుళాలు."

"ఎత్తు కాదు…" అని ఆగాడు. గుమ్మంలో అతని తల్లి బేబి చేటలో బియ్యం ఏరుతోంది. శ్యాంబాబు స్పానరు వైపు చూస్తూ అన్నాడు. "నువ్వే లోపలికెళ్ళి చూసుకురా."

తలుపు వెనక చెరువు లోతు చూసే కొలకర్ర ఉంది. దాని మీద అంగుళాల గీతలు హెలెనే ఎర్రరంగుతో గీసింది. కర్రని గోడకి ఆనించి పక్కన నిలబడింది. బారులాగా అడ్డంగా, గట్టిగా ఏదైనా పెట్టుకుని చూడాలి. ఇంట్లో గట్టి అట్ట ఉన్న పుస్తకం బైబిలు ఒక్కటే. చెయ్యి అల్మరా దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. చపాతీ పీట తీసుకుంది. కాళ్ళ మధ్య పీట నిలబెట్టి పైకి నొక్కి, దాని పై అంచు ఏ గీతకి వచ్చిందో వేలితో పట్టుకుని పక్కకి జరిగి చూసింది. మళ్ళీ ఒకసారి చూసింది.

బయటికొచ్చి చెప్పింది. "ఇరవై ఏడున్నర."

బేబి చేటలోంచి తలెత్తలేదు. "ఏంటే ఇరవై ఏడున్నర?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానికి మొగుడూ పెళ్ళాం మొహాలు అలా పెట్టుకున్నారేంటి? ఆ పీట కడిగి పెట్టు. బీయెస్సీ చదివింది గట్లంట తిరగడానికా అని మీ నాన్న ఏసుపాదంగారే అన్నారు మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక గుళ్ళో."

శ్యాంబాబు చేయగలిగింది చేశాడు. సీటు కింద పట్టీ వదులు చేసి సీటుని ముందుకి జరిపాడు. హ్యాండిలు వెనక్కి తిప్పాడు. హెలెన్ అరుగు మీంచి ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. భుజాల లాగుడు తగ్గింది. దిగడానికి మళ్ళీ అరుగే కావాలి.

"రాజుగారితో చెబుదాం" అన్నాడు శ్యాంబాబు. "మర్యాదస్తులు. ఏమీ అనరు."

"ఏమీ అనరండీ. శుక్రవారం ముందు చెబితే చేతకాక వంక పెట్టిందని సత్తిరాజుగారు అంటారు."

"పోనీ షాపులో మారుస్తారేమో కనుక్కుందామా?"

హెలెన్ తలూపింది.

*

బుధవారం సాయంత్రం భీమవరంలో ఆ సైకిళ్ళ షాపు ఆయన కౌంటరు వెనక నిలబడి శ్యాంబాబుతో మాట్లాడాడు. హెలెన్ శ్యాంబాబు పక్కన ఉంది.

"మట్టిదారిలో తొక్కడానికి సైకిలు సైజు ఎలా చూస్తారండి?" అని అడిగింది హెలెన్.

"మీరెంత ఎత్తండి?" అని షాపు ఆయన శ్యాంబాబుని అడిగాడు.

"నాకు కాదండి, ఈవిడకి."

"ఆయ్, అదేనండి. మీరోసారి ఇలా రండి, చూపిస్తాను." వరసలోంచి ఒక సైకిలు లాగి శ్యాంబాబుని దానికి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడమన్నాడు. "బారుకీ మీకూ మధ్య సందుండాలండి. రోడ్డు మీదైతే రెండు వేళ్ళు చాలు. గట్లూ గతుకులూ అయితే నాలుగు వేళ్ళు. గబుక్కున దిగాల్సొస్తే తగలకూడదు కదండి. ఆవిడగారికి అంత సందుందో లేదో…"

"సందు లేదండి. బారే పైనుంది" అంది హెలెన్.

"అలాగాండీ" అన్నాడు షాపు ఆయన శ్యాంబాబుతో.

"నా కొలత ఇరవై ఏడున్నర."

షాపు ఆయన గోడమీద క్యాలెండరు వైపు చూస్తూ లెక్కవేశాడు. "అయితే పదహారు ఫ్రేమండి. సీటు గొట్టం పదహారు అంగుళాలు, బారు కిందికి వాలి ఉంటుంది. మీ దగ్గరున్నది?"

"ఇరవై అనుంది గొట్టం మీద."

"ఇరవై ఎలా తొక్కుతున్నారండి బాబూ!" మొదటిసారి ఆమె వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "తొక్కేసిన బండి మార్చలేమండి. ఎక్కడ కొన్నారు?"

"ఇక్కడే. ఆకివీడు వెంకటపతిరాజుగారు."

"వారా? వారు పదహారు కూడా పట్టుకెళ్ళారు కదండి! అదే రోజు, అదే వ్యానులో. వాళ్ళమ్మాయిగారికని." కౌంటరు మీద రెండు చేతులూ ఆనించాడు. "ఎవరికేదండీ అని నేనడిగాను. పనికి పెద్దది, పిల్లకి చిన్నది అన్నారు. అంతటివారికి మనం ఎదురు చెబుతామా?"

శ్యాంబాబు సైకిలు మీంచి దిగాడు.

షాపు ఆయన వాళ్ళని ఊరికే పంపలేదు. సరైన సైజు దొరికితే ఏం చేసుకోవాలో శ్యాంబాబుకి చెప్పాడు. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే మోకాలు సాగాలి, అదీ సీటు ఎత్తు. సీటు గొట్టం మీద గీత ఉంటుంది, అది బయటికి కనిపించేదాకా లాగకూడదు. చేతివేళ్ళు పొట్టివైతే బ్రేకు పిడి దగ్గర చిన్న మర ఉంటుంది, అది తిప్పితే పిడి దగ్గరికొస్తుంది. ఒండ్రులో తొక్కేవాళ్ళు టైర్లో గాలి కాస్త తగ్గించుకోవాలి. శ్యాంబాబు తలూపుతున్నాడు. హెలెన్ సంచి పట్టుకున్న చేతి వేళ్ళని ఒక్కో మాటకి ఒక్కోటి ముడిచింది.

తిరుగు బస్సు ఉండి ఊరు దాటాక శ్యాంబాబు అడిగాడు. "అమ్మాయిగారి సైకిలు అడుగుతావా?"

బస్సులో కూలీల క్యారేజీలు కింద దొర్లుతున్నాయి. ఒకటి వచ్చి ఆమె కాలికి తగిలింది. దాన్ని కాలితో ఆపి పట్టుకుంది.

"అడగను."

"మరి?"

"ఇటుకలతోనే చేస్తాను."

*

ప్రతి గురువారం చెరువుల లెక్కలు రాజుగారింట్లో ఇవ్వాలి. హెలెన్ చెప్పులు మెట్ల కింద విడిచి, వసారా అంచున నిలబడింది. రాజుగారు ఊళ్ళో లేరు. వారి భార్య బుల్లెమ్మగారు పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు.

"అక్కడ పెట్టమ్మా, వచ్చాక ఇస్తాను."

ప్రహరీ లోపల, గేటు వేసి ఉన్న పెరట్లో, వాళ్ళమ్మాయి భానుశ్రీ సైకిలు తొక్కుతోంది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. తండ్రి పోలిక, పొడుగు. సైకిలు ముందు చక్రం మీద పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. గొట్టాలకి చుట్టిన ప్లాస్టిక్కు కవరు తీయలేదు. తొక్కినప్పుడల్లా ఆమె మోకాళ్ళు హ్యాండిలు దాకా లేస్తున్నాయి. మలుపు దగ్గర మోకాలు తగలకుండా కాళ్ళు రెండూ పక్కకి చాపుతోంది.

హెలెన్‌ని చూసి ఆగింది. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి.

"మేడమ్‌గారండీ, మీదీ ఇలాంటిదేగా? మీకూ మోకాళ్ళు నొప్పెడతాయా?"

"లేదండి."

"నాకు నాలుగు చుట్లకే పట్టేస్తన్నాయండి. అమ్మగారేమో, ఆడపిల్లకి నొప్పెడితే మానెయ్యడమే మందు అంటారు."

బుల్లెమ్మగారు గింజ పక్కకి విసిరారు. "అనకేం చేస్తాం? ఉన్న పెరడంతా చక్రాల గాడ్లు."

హెలెన్ కాగితాలు వసారా అంచున పెట్టింది. తర్వాత మెట్లు దిగింది.

"ఒకసారి మడమ పెడలు మీద పెట్టండి. కిందికి తొక్కి ఉంచండి."

భానుశ్రీ పెట్టింది. మోకాలు వంగే ఉంది. హెలెన్ సీటు కింద పిడి తిప్పి సీటు పైకి లాగింది. మళ్ళీ పెట్టమంది. ఇంకా వంగే ఉంది. ఇంకొంచెం లాగింది. గొట్టం మీద గీత కనిపించింది. గీత లోపలికి పోయేదాకా కిందికి నొక్కి పిడి బిగించింది.

"ఇంతకన్నా లాగకూడదండి."

"ఇంకా చాల్లేదు కదండి."

"ఇది మీకు చిన్నదండి."

"మరి నాకు సరిపోయేది ఎంతుంటుందండి?"

హెలెన్ చేతికంటిన నూనెమసి చున్నీ కొసకి తుడుచుకుంది. "ఇరవై దాకా ఉండాలేమోనండి."

భానుశ్రీ ఆమె పాదాల నుంచి తల దాకా చూసింది. "మీదెంతండి?"

"పని జరిగిపోతోందండి."

"ఎంత అని అడిగానండి."

"ఇరవై."

"భానూ, ఇంక లోపలికి రండి" అన్నారు బుల్లెమ్మగారు. చేతులు చేటకేసి దులిపారు. హెలెన్‌తో గొంతు తగ్గించకుండా, పెంచకుండా అన్నారు. "వాళ్ళ నాన్నగారు ఎంతో ముచ్చటపడి తెచ్చారమ్మా. చిన్నదీ పెద్దదీ అని పిల్లకి లేనిపోనిది ఎక్కించకండి."

"తప్పయిందండి" అంది హెలెన్.

ఇంటికి వచ్చే దారంతా ఆ మాటలు రాజుగారి చెవిన ఏ రూపంలో పడతాయా అని ఆలోచించింది. సాయంత్రం మబ్బు పట్టింది. గాలి ఆగిపోయింది. ఆమె చెరువుల మీదికి వెళ్ళి ఆరో తూము పక్కన కొత్త ఇటుక పెట్టి, దీన్ని తీయొద్దని తాతాజీకి చెప్పింది. ఎందుకని అతను అడిగితే గుర్తుకి అంది.

*

శుక్రవారం తెల్లవారకముందు జీపు వచ్చి పంపుషెడ్డు దగ్గర ఆగింది. రాజుగారు దిగారు. వెనక సత్తిరాజు గొడుగు పట్టుకుని దిగాడు. రాత్రి ఒక జల్లు పడి ఆగింది. మబ్బు అలాగే ఉంది.

"మీ పని మీరు కానివ్వండమ్మా. నేను నడిచొస్తాను" అన్నారు రాజుగారు.

హెలెన్ షెడ్డు అరుగు మీంచి సైకిలెక్కింది. మొదటి చెరువు. ఇటుక ఉంది. నీళ్ళు, రెండు చుక్కలు, మూత. టార్చి వెలుగులో సీసా తిప్పి చూసింది. గోధుమరంగు. రెండో చెరువు. మూడో చెరువు. చుక్కలు లెక్క తప్పలేదు. వెనక గట్టు మీద రాజుగారి టార్చి దూరంగా కదులుతోంది. ఒక్కో తూము దగ్గరా ఆ వెలుగు ఆగి, కిందికి వాలి, మళ్ళీ కదులుతోంది. ఎందుకు ఆగుతోందో ఆమెకి తెలియలేదు.

ఆరో చెరువు దగ్గర ముందు టార్చి వేసి చూసింది. ఇటుక ఉంది.

ఎనిమిదో చెరువు దగ్గర ఇటుక ఉంది గానీ కాలు ఆనించగానే జల్లుకి నానిన ఒండ్రులోకి దిగిపోయింది. ఆమె పక్కకి తూలి తూము గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. సైకిలు గట్టు మీద పడింది. పెట్టె విడదీసి సీసా తీసింది. నీళ్ళు పట్టింది. చుక్కలు వేసింది. మూత బిగించి తిప్పి టార్చి ముందు పెట్టింది.

రంగు పాలిపోయి ఉంది. గంజిలో టీ కలిపినట్టుంది.

టార్చి నీళ్ళ అంచుకి తిప్పింది. గట్టు పక్కన నీళ్ళ మీద, గాలి కోసం పైకొచ్చిన రొయ్యల మీసాలు కదులుతున్నాయి.

"తాతాజీగారూ! ఎనిమిది! ఎనిమిది వెయ్యండి!"

జవాబు రాలేదు. జనరేటరు మోత. ఎనిమిదో చెరువు ఏరేటర్ల స్విచ్చి షెడ్డులో ఉంది. సైకిలెక్కడానికి ఇటుక లేదు. ఆమె చెప్పులు విడిచి పరిగెత్తింది. గట్టు మీద రాజుగారినీ సత్తిరాజునీ దాటుకుంటూ వెళ్ళింది. సత్తిరాజు గొడుగు పక్కకి తీశాడు.

ఏరేటర్లు తిరగడం మొదలయ్యాక ఎనిమిదో చెరువు మధ్యలో నురగ లేచింది. ఆమె మళ్ళీ పరిగెత్తింది. పెట్టె చంకలో పెట్టుకుని తొమ్మిది చూసింది. పదో చెరువు దగ్గరికి వచ్చేసరికి తూము మీద రాసిన నంబరు టార్చి లేకుండా కనిపించింది.

తిరిగి వచ్చేసరికి రాజుగారు ఎనిమిదో చెరువు గట్టు మీద నిలబడి ఉన్నారు. సైకిలు పడినచోటే ఉంది. గట్టు అంచున రొయ్యలు లేవు.

"పదో చెరువు తెల్లారాక పట్టారండి" అన్నాడు సత్తిరాజు. "టైములో అవలేదు."

రాజుగారు అతని వైపు చూడలేదు. ఒండ్రులో దిగిపోయిన ఇటుకని చెప్పుతో కదిపారు. "ప్రతి తూము దగ్గరా ఇటుకుంది. ఏంటమ్మా ఇవి?"

హెలెన్ పాదాలు మట్టిలో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"నేను పెట్టుకున్నవండి. ఆగడానికి, ఎక్కడానికి. సైకిలు మీంచి నాకు నేల అందదండి."

"మొదట్నుంచీనా?"

"ఆయ్."

"చెప్పలేదేం?"

"మీరు కొనిచ్చిందండి."

ఏరేటరు దగ్గర నుంచి వచ్చిన తాతాజీ తల గోక్కున్నాడు. "అయితే ఆరో చెరువు ఇటుక తీసి ట్రేకి కట్టింది నేనేనండి. మేడమ్‌గారు మంగళవారం పడింది అందుకన్నమాట. నోరు విప్పి చెప్పొచ్చు కదండీ, తిట్టొచ్చు కదా!"

"పోనీలెండి" అన్నాడు సత్తిరాజు. "తాతాజీకి ఆ సైకిలు సరిగ్గా సరిపోద్ది. అతను తిరుగుతాడు."

రాజుగారు పెట్టెలోంచి ఎనిమిదో చెరువు సీసా తీసి చూపించారు. "తాతాజీ, ఈ సీసా రంగు చూసి నీకేం తెలిసింది?"

"టీ అనుకున్నానండి."

రాజుగారు వంగి సైకిలు లేపారు. బారు మీద చెయ్యి పెట్టి, అది ఆమెకి ఎక్కడిదాకా వస్తుందో చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

"పనికి పెద్దదుండాలనుకున్నాను. ఇంజనైనా అంతే, పడవైనా అంతే."

హెలెన్ చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "నా కొలతకి పదహారండి" అంది.

సత్తిరాజు అందుకున్నాడు. "పదహారంటే అమ్మాయిగారిది కదండి?"

రాజుగారు సైకిలు తాతాజీకి పట్టుకోమని ఇచ్చారు. "మా అమ్మాయి నిన్న రాత్రి నేను ఇంటికెళ్ళగానే మోకాళ్ళంది, ఇరవై అంది. నేను అన్నం తింటూ విననేలేదు" అన్నారు. జీపు వైపు నడిచారు. రేపు రమ్మని గానీ వద్దని గానీ చెప్పలేదు.

*

మధ్యాహ్నం మూడింటికి తాతాజీ చిన్న సైకిలు తొక్కుకుంటూ హెలెన్ వాళ్ళ పేటలోకి వచ్చాడు. మోకాళ్ళు రెండూ చెవుల దాకా లేస్తున్నాయి. అరుగుల మీద ఆడవాళ్ళు నవ్వారు.

"నవ్వండమ్మా నవ్వండి. సర్కస్‌లో ఎలుగుబంటి కూడా ఇలాగే తొక్కుద్ది. దానికి చప్పట్లు కొడతారు" అన్నాడు. దిగి హెలెన్ ముందు స్టాండు వేశాడు. "రేపట్నుంచి దీని మీద చెయ్యమన్నారండి రాజుగారు. పెద్దది పట్టుకురమ్మన్నారు."

"అమ్మాయిగారు ఏమన్నారండి?"

"ఆవిడే గేటు తీశారండి. అమ్మగారు ఒకటే మాటన్నారు. పెద్దది పసుపునీళ్ళతో కడక్కుండా లోపలికి తేవద్దని."

"బురదగా ఉంది. నేను కడిగిస్తాను."

తాతాజీ పెద్దదాని క్యారియరుకి పెట్టె కట్టిన తాడు విప్పాడు. "బురదకేనండి" అన్నాడు. "నేనే కడుగుతాను, వారి ముందే కడగాలి. ఇంట్లోకి కాదులెండి. పశువులపాకలో పెట్టమన్నారు."

పెద్ద సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. సీటు మీంచే అతని కాళ్ళు నేలకి అందుతున్నాయి.

శ్యాంబాబు బడి నుంచి వచ్చాక అరుగు ముందు చిన్న సైకిలు నిలబెట్టి హ్యాండిలు పట్టుకున్నాడు. వీధివైపు చూస్తూ నిలబడ్డాడు. హెలెన్ అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడింది. రెండు పాదాలూ నేల మీద ఉన్నాయి. బారు మీద వేళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకుంది. నాలుగు పట్టాయి. గురువారం తను లాగిన సీటుని కిందికి దింపింది. మడమ పెడలు మీద పెట్టింది. మోకాలు సాగింది. బ్రేకు పిడి దగ్గర మర తిప్పి వేళ్ళకి అందేదాకా దగ్గరికి తెచ్చుకుంది. టైరు బొటనవేలితో నొక్కి, గాలి వదిలి, మళ్ళీ నొక్కి చూసింది. గొట్టాల మీది ప్లాస్టిక్కు కవరు విప్పింది. పసుపు బొట్లు తుడవలేదు.

బేబి గుమ్మంలోంచి చూసింది. "ఇదెక్కడిదే?"

"రాజుగారిచ్చారత్తయ్యా."

"మళ్ళీ తీసుకుంటారా?"

హెలెన్‌కి తెలియదు. తెలియదనే చెప్పింది.

శనివారం పదో చెరువు దగ్గర మూత బిగించేసరికి తూము మీద నంబరు కనిపించలేదు. టార్చి వేసి చూసుకుంది. తిరిగి వస్తూ ప్రతి తూము దగ్గరా ఆగి ఇటుక తీసింది. ఒక్కసారికి పెట్టెలో పట్టలేదు. రెండుసార్లు తిరిగింది. సత్తిరాజు షెడ్డు ముందు కూర్చుని ఆమె ఇటుకలు పేర్చడం చూశాడు.

"సీసాలు నాలుగు తెప్పించాను" అన్నాడు. "సోమవారానికి వస్తాయి."

తర్వాతి గురువారం ఆమె లెక్కలు తీసుకుని రాజుగారింటికి వెళ్ళింది. పెరట్లో ఎవరూ లేరు. నేల మీద చక్రాల గాడ్లు ఊడ్చేసి ఉన్నాయి. గేటు వేసి ఉంది.

"అమ్మాయిగారు బావున్నారాండి?" అని అడిగింది.

"చదువుకుంటోంది" అన్నారు బుల్లెమ్మగారు. "సైకిలు మానేసింది. మంచిదే అయింది."

హెలెన్ కాగితాలు వసారా అంచున పెట్టి చెప్పులేసుకుంది. దొడ్డిదారిన వెళ్తే బస్సు తొందరగా దొరుకుతుంది. ఆ దారి పశువులపాక పక్కనుంచి వెళ్తుంది. దొడ్డి తలుపు గడియ తీసే ఉంది. పాకలో గేదె నెమరేస్తోంది. వరిగడ్డి మోపు వెనక పెద్ద సైకిలు గోడకి ఆనించి ఉంది.

హెలెన్ ఆగింది. తను వాడినన్నాళ్ళూ సీటు గొట్టం అంచుకి ఆనుకుని ఉండేది. ఇప్పుడు నాలుగు వేళ్ళ ఎత్తున, భానుశ్రీ మోకాలు సాగేంత పైకి లాగి ఉంది. చక్రాల కమ్మీల మీద కడిగిన పసుపు మరకలు ఉన్నాయి. టైర్ల బొడిపెల మధ్య ఒండ్రు ఉంది. ఆమె వంగి వేలితో తాకింది. తడిగా ఉంది.